ఒకే కంప్యూటరు, మూడు పేర్లు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమన్నప్పుడు ముందు కవిత రాద్దామనుకున్నాను. కానీ కవితలు నాకంటే బాగా రాసేవాళ్లు మన హాస్టల్లో చాలామందే ఉన్నారు. నేను చదివింది ఎం.సి.ఏ. కాబట్టి నాకు తెలిసిన సంగతే రాస్తాను. ఈమధ్య చెల్లెళ్లు నన్ను ఫోన్లో ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది. "అక్కా, సైన్ అవుట్ కొట్టాను. మళ్లీ సైన్ ఇన్ కొడితే మెయిల్ ఐడీ అడగట్లేదు, పాస్‌వర్డ్ అడగట్లేదు, తిన్నగా పాత అకౌంటులోకే పోతోంది. వైరస్సా?"

వైరస్ కాదు. కంప్యూటరు చెడిపోనూ లేదు. సింగిల్ సైన్-ఆన్ అనే ఏర్పాటు తన పని తాను చేస్తోందన్నమాట. ఒక్కసారి పాస్‌వర్డ్ కొడితే చాలు, పది సాఫ్టువేరుల్లోకి మళ్లీ అడగకుండా వెళ్లవచ్చు, ఇదీ దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. మనిషికి ఒకే అకౌంటు ఉన్నంతవరకు హాయిగా ఉంటుంది. చిక్కంతా రెండో అకౌంటు వచ్చినప్పుడే.

ఇప్పుడు డిగ్రీలో ఉన్న ఏ చెల్లెలినైనా చూడండి. సొంత జీమెయిల్ ఒకటి. కాలేజీయో యూనివర్సిటీయో ఇచ్చిన మెయిల్ ఇంకొకటి. ఇంటర్న్‌షిప్‌కి వెళితే కంపెనీ ఇచ్చేది మూడోది. మనిషి ఒక్కతే, పేర్లు మూడు. దీనికి తోడు మన దగ్గర ఒక్కో కంప్యూటరు మీద నలుగురైదుగురు పని చేస్తారు. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు, కంప్యూటరు కొన్నవాళ్లూ లేరు. డిగ్రీ మూడేళ్లూ నేను పంచుకున్న కంప్యూటర్ల మీదే నెట్టుకొచ్చాను. సొంత లాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఈ అకౌంట్ల గొడవ ఒక చికాకు మాత్రమే. మనకు అలా కాదు. ఒకరి రికార్డు మరొకరి పేరు మీద సబ్‌మిట్ అవుతుంది. ఒకరి బ్యాంకు పాస్‌బుక్ స్కాన్ మరొకరి డ్రైవ్‌లో పడుతుంది. ఇంటర్వ్యూలో వేరే పేరు కనిపిస్తుంది. అందుకే లోపల ఏం జరుగుతుందో ఒకసారి తెలుసుకుంటే మంచిది.

చీటీ – రిజిస్టరు

మన హాస్టల్లో కొత్తగా చేరిన అమ్మాయిని తలుచుకోండి. మొదటిరోజు ఆఫీసు గదికి వెళుతుంది. వార్డెన్ మేడమ్ టి.సి., కుల ధ్రువీకరణ పత్రం, ఫోటోలు అన్నీ చూసి, రిజిస్టరులో పేరు రాసి, సంతకం పెట్టిన చీటీ ఇస్తారు. ఆ చీటీ మెస్‌లో చూపిస్తే ప్లేటు ఇస్తారు, స్టోర్ రూములో చూపిస్తే దుప్పటి, ట్రంకుపెట్టె ఇస్తారు. వంట చేసే అక్క టి.సి. అడగదు. చీటీ మీద మేడమ్ సంతకం ఉందా లేదా, అంతే చూస్తుంది.

సింగిల్ సైన్-ఆన్ అచ్చం ఇంతే. ఆఫీసు గది అంటే గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థ సర్వరు, లేదా మీ యూనివర్సిటీ సొంత లాగిన్ పేజీ. మీ పాస్‌వర్డ్ అడిగేది, చూసేది అదొక్కటే. అది ఇచ్చే సంతకం చీటీని టోకెన్ అంటారు. జూమ్, వర్డ్, వి.ఎస్. కోడ్ వంటి సాఫ్టువేరులు మెస్ లాంటివి. వాటికి మీ పాస్‌వర్డ్ తెలియదు, తెలియకూడదు కూడా. టోకెన్ చూసి లోపలికి రానిస్తాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మెస్ దగ్గర నిలబడి మీ చీటీ చింపేశారనుకోండి. ఆఫీసు రిజిస్టరులో మీ పేరు చెరిగిపోతుందా? పోదు. మళ్లీ ఆఫీసు గది గుమ్మంలో నిలబడగానే మేడమ్ మీ ముఖం చూసి, ఏమీ అడగకుండానే అదే పేరుతో ఇంకో చీటీ రాసిస్తారు. సాఫ్టువేరులో మీరు కొట్టే సైన్ అవుట్ సాధారణంగా చీటీ చింపడం మాత్రమే. రిజిస్టరు అలాగే ఉంటుంది. అందుకే మళ్లీ సైన్ ఇన్ నొక్కగానే పాత పేరే వస్తుంది. ఆ ఆఫీసు గది ముందు వేరే మనిషిగా నిలబడాలంటే ఏం చేయాలన్నదే మన ప్రశ్న.

ఇది పంచుకున్న కంప్యూటర్ల కోసమే పుట్టింది

ఈ చరిత్ర నాకు చాలా ఇష్టం, అందుకే కాస్త చెబుతాను. అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థ 1983లో ప్రాజెక్ట్ అథీనా మొదలుపెట్టింది. డెక్, ఐ.బి.ఎం. కంపెనీలు సాయం చేశాయి. విద్యార్థులు క్యాంపస్‌లో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా తమ ఫైళ్లు తమకు కనిపించాలి. అంటే అవి ఎవరి సొంతమూ కావు, అందరివీ. సరిగ్గా మన స్టడీ హాలు కంప్యూటర్ల లాంటివే! అక్కడ పుట్టిన పద్ధతి పేరు కెర్బెరోస్. గ్రీకుల పురాణంలో పాతాళానికి కాపలా కాసే మూడు తలల కుక్క పేరది. అందులో మన చీటీని టికెట్ అన్నారు. దానికి కాలపరిమితి ఉంటుంది, విద్యార్థి లాగవుట్ కాగానే టికెట్లు చెరిపేస్తారు. తర్వాత కూర్చునేవాళ్లకు ముందువాళ్ల పేరు మిగలదు.

విండోస్ 2000 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా ఆఫీసు నెట్‌వర్కుల కోసం కెర్బెరోస్‌నే తీసుకుంది. అక్కడ టికెట్ మామూలుగా 10 గంటలు చెల్లుతుంది, ఒక పనిదినానికి సరిపడా. ఆఫీసు కంప్యూటరు, ఒక ఉద్యోగి, ఒక పేరు. ఆ లెక్కలో రెండో పేరుకు చోటు లేదు. ఎం.ఐ.టి. కెర్బెరోస్‌లోనే ఒకే మనిషి రెండు పేర్ల టికెట్లు పక్కపక్కన పెట్టుకుని, ఒకదాని నుంచి మరొకదానికి మారడానికి కెస్విచ్ అనే ఆదేశం 2012లో గానీ రాలేదు. కాబట్టి ఈ తలనొప్పి మనతో మొదలైంది కాదు.

తర్వాత ఇంటర్నెట్టు వెంట కొత్త పద్ధతులు వచ్చాయి. 2005లో సామెల్ 2.0, 2012లో ఓఆత్ 2.0, 2014లో ఓపెన్ ఐడీ కనెక్ట్. "గూగుల్‌తో సైన్ ఇన్ అవ్వండి" అనే బటన్ వెనక ఉన్నది ఈ చివరిదే. వీటితో పాటు అలవాట్లూ మారాయి. కంప్యూటరు అంటే ఒక మనిషి సొంత లాప్‌టాప్ అనుకోవడం మొదలైంది. సొంతదే కదా, రోజూ పాస్‌వర్డ్ అడిగి విసిగించడమెందుకని చీటీల గడువు వారాలకు, నెలలకు పెంచేశారు. పంచుకునే వాళ్ల కోసం పుట్టిన ఏర్పాటు, సొంతదారుల సౌకర్యం చూసుకుని మనల్ని మరచిపోయిందని నాకనిపిస్తుంది.

పేరు దాక్కునే మూడు చోట్లు

డెస్క్‌టాప్ సాఫ్టువేరుల్లో మీ పేరు ఒక్క చోట ఉండదు, మూడు చోట్ల ఉంటుంది. ఏ చోట ఉందో కనిపెడితే సగం పని అయినట్టే.

మొదటి చోటు ఆ సాఫ్టువేరే. టోకెన్లలో రెండు రకాలుంటాయి. ఒకటి తక్కువ గడువుది, సాధారణంగా గంట అటూఇటూ. రెండోది ఎక్కువ కాలం చెల్లేది. గంట చీటీ అయిపోగానే ఈ పెద్ద చీటీ చూపించి సాఫ్టువేరు తనంతట తానే కొత్తది తెచ్చుకుంటుంది. మూడు వారాల కింద లాగిన్ అయిన అక్క అకౌంటు ఇవాళ మీరు తెరిస్తే తెరిచే ఉండటానికి కారణం ఈ పెద్ద చీటీయే. దీన్ని విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ అనే బీరువాలో, యాపిల్ కంప్యూటర్లలో కీచెయిన్‌లో, లేకపోతే సాఫ్టువేరు సొంత ఫోల్డరులో దాస్తారు. సాఫ్టువేరులో సైన్ అవుట్ కొడితే పోయేది ఇదొక్కటే.

రెండో చోటు బ్రౌజరు. ఒకప్పుడు సాఫ్టువేరులు లాగిన్ పేజీని తమ కిటికీలోనే చూపించేవి. అలాగైతే ఆ సాఫ్టువేరు మన పాస్‌వర్డ్‌ను దొంగచాటుగా చూసే వీలుంది. అందుకని గూగుల్ ఆ పద్ధతిని ఆపేస్తామని 2016లో ప్రకటించింది. 2017 అక్టోబరులో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 8252 అనే ప్రమాణపత్రం కూడా డెస్క్‌టాప్, మొబైల్ సాఫ్టువేరులు లాగిన్ కోసం కంప్యూటరులోని అసలు బ్రౌజరునే తెరవాలని చెప్పింది. అందుకే ఇప్పుడు జూమ్‌లో సైన్ ఇన్ నొక్కితే క్రోమో ఎడ్జో తెరుచుకుంటుంది. భద్రతకు ఇది చాలా మంచి మార్పు. కానీ ఆ బ్రౌజరులో అప్పటికే ఎవరి జీమెయిలో తెరిచి ఉంటుంది కదా! కుకీ అనే చిన్న గుర్తు అక్కడ కూర్చుని ఉంటుంది. లాగిన్ పేజీ ఆ కుకీని చూసి "ఈమె తెలిసిన మనిషే" అని ఆ పేరు మీదే చీటీ రాసి పంపేస్తుంది. ఒక్కోసారి పేజీ తెరుచుకున్నది, మూసుకున్నది కూడా మనకు తెలియదు.

మూడో చోటు విండోసే. మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను.

మీరు వర్డ్‌లోనో టీమ్స్‌లోనో కాలేజీ అకౌంటుతో లాగిన్ అయినప్పుడు చివర్లో ఒక పెట్టె వస్తుంది. ఈ కంప్యూటరులోని అన్ని యాప్‌లలోనూ ఇదే అకౌంటుతో ఉండమంటారా అని అడుగుతుంది. "నా సంస్థ ఈ పరికరాన్ని నిర్వహించడానికి అనుమతిస్తున్నాను" అనే మాట పక్కన టిక్ పెట్టి ఉండవచ్చు. మాటలు వర్షన్‌ను బట్టి కొంచెం మారుతుంటాయి. అందరం తొందరలో ఓకే కొట్టేస్తాం. కొడితే ఏమవుతుంది? ఆ అకౌంటు వర్డ్‌కే కాక విండోస్‌కే అతుక్కుంటుంది. కంప్యూటరు ఆ సంస్థ జాబితాలో నమోదవుతుంది. ఆ సంస్థ ఏర్పాట్లను బట్టి, పిన్ను ఇంత పొడవుండాలి, స్క్రీను ఇన్ని నిమిషాలకు లాక్ కావాలి వంటి నిబంధనలు కూడా మీ కంప్యూటరు మీదికి రావచ్చు. ఆ తర్వాత ఆఫీసు సాఫ్టువేరులకు, ఎడ్జ్ బ్రౌజరుకు ఆ పేరు మీద పాసు దానంతటదే అందుతుంది. మీరు బ్రౌజరులో కుకీలన్నీ తుడిచినా మళ్లీ అదే పేరు వచ్చేస్తుంది. "అంతా డిలీట్ చేశానక్కా, అయినా వస్తోంది" అని చెల్లెళ్లు మొత్తుకునేది దీని గురించే.

ఆ పెట్టె వచ్చినప్పుడు టిక్ తీసేసి, "ఈ యాప్‌కు మాత్రమే" అనే అర్థం వచ్చే చిన్న లింకు నొక్కాలి. అది ఓకే బటన్ అంత పెద్దగా కనిపించదు, వెతుక్కోవాలి. ఇప్పటికే ఓకే కొట్టేసి ఉంటే సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్లి, అందులో యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్ అనేది తెరవండి. అక్కడ ఆ అకౌంటు కనిపిస్తే డిస్‌కనెక్ట్ కొట్టండి. అక్కడ లేకపోతే అదే అకౌంట్స్ విభాగంలో "ఇతర యాప్‌లు వాడే అకౌంట్లు" అనే జాబితా ఉంటుంది, అందులో చూడండి. ఒక్క హెచ్చరిక. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌లో, కాలేజీ లాబ్ కంప్యూటరులో ఈ పని చేయకండి. అవి వాళ్లవి, ఆ అకౌంటు అక్కడ ఉండాల్సిందే. తీసేస్తే మళ్లీ లోపలికి వెళ్లడానికి ఐ.టి. విభాగం చుట్టూ తిరగాలి.

సైన్ అవుట్ కొడితే మూడు చోట్లా ఒకేసారి పోయేలా చేయకూడదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ ఆలోచించండి. జూమ్ మూయగానే పక్కన రాస్తున్న మెయిల్, సగంలో ఉన్న అసైన్‌మెంటు అన్నీ మూసుకుపోతే ఊరుకుంటామా? అందుకే రిజిస్టరు దాకా వెళ్లి పేరు కొట్టించే పద్ధతికి ఓపెన్ ఐడీ వాళ్లు 2022లో ప్రమాణం ఖరారు చేసినా, దాన్ని వాడాలా వద్దా అన్నది సాఫ్టువేరు రాసేవాళ్ల ఇష్టానికే ఉంది. అయితే ఇంకో తేలిక మార్గం ఉంది. సాఫ్టువేరు లాగిన్ పేజీని తెరిచేటప్పుడు "ముందు ఏ అకౌంటో అడుగు" అని ఒక్క మాట జోడించి పంపవచ్చు. ప్రాంప్ట్ అనే చోట సెలెక్ట్ అకౌంట్ అని రాయడమే. గూగుల్, మైక్రోసాఫ్ట్ రెండూ దీన్ని గుర్తిస్తాయి. అప్పుడు అకౌంట్ల జాబితా చూపించి ఎవరు మీరు అని అడుగుతుంది. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల ఎంతమంది ఎన్ని గంటలు పోగొట్టుకుంటున్నారో! మన హాస్టల్ నుంచి సాఫ్టువేరు ఉద్యోగాలకు వెళ్లే చెల్లెళ్లు మీరు రాసే ప్రోగ్రాములో ఆ మాట తప్పకుండా రాయండి.

అందరూ అలా ఉన్నారని కాదు. స్లాక్‌లో రెండు సంస్థలు ఎడమపక్కన ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి, నొక్కితే చాలు. గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్ ఒకేసారి 4 అకౌంట్లు ఒప్పుకుంటుంది. టీమ్స్‌లో 2023లో వచ్చిన కొత్త యాప్‌తో అనేక అకౌంట్లు పక్కపక్కన పెట్టుకోవడం కుదిరింది. చేయదలచుకుంటే చేయవచ్చన్నమాట.

ఇంటర్వ్యూ రోజు

గత ఏడాది మన చెల్లెలొకతికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. లాప్‌టాప్ స్నేహితురాలిది. లింకు నొక్కగానే మీటింగ్ సాఫ్టువేరు ఆ స్నేహితురాలి పేరుతోనే వెళ్లి గుమ్మం బయట నిలబెట్టింది. అటువైపు వాళ్ల జాబితాలో ఆ పేరు లేదు, లోపలికి రానివ్వలేదు. సైన్ అవుట్ చేసి మళ్లీ వెళితే మళ్లీ అదే పేరు. పాపం, చేతులు వణుకుతూ నాకు ఫోన్ చేసింది. ఆ సమయంలో మూడు చోట్లా వెతికి శుభ్రం చేసే తీరిక ఎక్కడిది? బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, లింకు అందులో అతికించి, "యాప్ వద్దు, బ్రౌజరులోనే చేరతాను" అన్నది ఎంచుకుని, పేరు అడిగిన చోట తన పేరు టైపు చేయమన్నాను. వెళ్లింది. ఇన్‌కాగ్నిటో కిటికీకి మామూలు కిటికీలోని కుకీలు కనిపించవు, కాబట్టి అక్కడ మీరు ఎవరూ కాని కొత్త మనిషి. టీమ్స్, జూమ్, మీట్ ఏదైనా బ్రౌజరులోనే చేరే దారి సాధారణంగా ఉంటుంది. మీటింగ్ పెట్టినవాళ్లు లాగిన్ తప్పనిసరి చేస్తే మాత్రం అందులోనే మీ అకౌంటుతో లాగిన్ కావాలి. ఇంటర్వ్యూ ఉంటే ముందురోజు రాత్రే ఒకసారి చూసుకోండి.

రోజూ రెండు అకౌంట్లు వాడేవాళ్లకు ఇన్‌కాగ్నిటో చాలదు. కిటికీలన్నీ మూయగానే అంతా మరచిపోతుంది. మీకు కావలసింది బ్రౌజరు ప్రొఫైళ్లు. క్రోమ్, ఎడ్జ్ రెండింటిలోనూ పైన ఉన్న గుండ్రటి బొమ్మ నొక్కి కొత్త ప్రొఫైల్ తయారు చేసుకోవచ్చు. ఒక్కో ప్రొఫైల్ ఒక్కో ట్రంకుపెట్టె లాంటిది. ఒకదాని కుకీలు మరొకదానికి తెలియవు. కాలేజీకి ఒక రంగు, సొంతానికి ఒక రంగు పెట్టుకోండి. ఒకే ప్రొఫైల్లో రెండు జీమెయిళ్లు తెరిచే అలవాటు చాలామందికి ఉంది. దాంట్లో ఒక తిరకాసు ఉంది. ముందు లాగిన్ అయిన అకౌంటునే గూగుల్ ముఖ్యమైనదిగా లెక్కిస్తుంది. మీరు నొక్కిన గూగుల్ ఫారం ఆ మొదటి పేరు మీద తెరుచుకుని, "మీకు అనుమతి లేదు" అంటుంది. పైగా ఒకదాని నుంచి సైన్ అవుట్ కొడితే ఆ బ్రౌజరులో అన్నీ మూసుకుంటాయి.

డెస్క్‌టాప్ సాఫ్టువేరు లాగిన్ కోసం తప్పు ప్రొఫైల్‌ను తెరిచిందనుకోండి. కంగారు పడకుండా ఆ పేజీ అడ్రసు మొత్తం కాపీ చేసి, సరైన ప్రొఫైల్ కిటికీలో అతికించండి. చాలా సాఫ్టువేరులతో ఇది పని చేస్తుంది. ఎందుకంటే లాగిన్ అయ్యాక బ్రౌజరు ఆ చీటీని 127.0.0.1 అనే అడ్రసుకు, అంటే ఈ కంప్యూటరుకే తిరిగి పంపుతుంది. అక్కడ సాఫ్టువేరు చేయి చాచి నిలబడి ఉంటుంది. ఏ ప్రొఫైల్ నుంచి వచ్చిందన్నది దానికి పట్టదు. లేదంటే సైన్ ఇన్ నొక్కే ముందే సరైన ప్రొఫైల్ కిటికీని ఒకసారి నొక్కి పైకి తెచ్చి ఉంచండి. లింకులు సాధారణంగా చివరగా వాడిన కిటికీలోనే తెరుచుకుంటాయి.

కొన్ని సాఫ్టువేరులు ఒక కోడ్ చూపించి, దాన్ని ఏ బ్రౌజరులోనైనా, ఫోన్లోనైనా కొట్టమంటాయి. అకౌంటు ఎంచుకోవడానికి ఇది హాయైన దారే. కానీ ఎవరో పంపిన కోడ్‌ను మాత్రం ఎక్కడా కొట్టకండి. అలా కొడితే మీ పేరు మీద చీటీ వాళ్ల కంప్యూటరుకు వెళుతుంది. ఈ రకం మోసం గురించి 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ హెచ్చరించింది కూడా. మీ ముందున్న సాఫ్టువేరులో మీరే మొదలుపెట్టిన లాగిన్ అయితేనే కోడ్ కొట్టాలి.

బి.టెక్., ఎం.సి.ఏ. చెల్లెళ్లకు గిట్ గురించి రెండు మాటలు. గిట్‌హబ్ 2021 ఆగస్టు నుంచి గిట్ పనులకు పాస్‌వర్డ్ ఒప్పుకోవడం మానేసింది, టోకెనే కావాలి. విండోస్‌లో ఆ టోకెన్ క్రెడెన్షియల్ మేనేజర్ బీరువాలో గిట్‌హబ్ పేరుతో ఉంటుంది. ప్రాజెక్టు భాగస్వామి టోకెన్ అక్కడ ఉంటే మీరు పుష్ చేసినప్పుడు 403 అని తిప్పి పంపుతుంది. రిపాజిటరీ అడ్రసులో గిట్‌హబ్ పేరుకు ముందు మీ యూజర్ నేమ్, దాని వెంట @ గుర్తు చేర్చితే ఎవరి టోకెన్ కావాలో గిట్‌కు తెలుస్తుంది. ఇంకొకటి. పుష్ చేయడానికి వాడిన అకౌంటు వేరు, కమిట్ మీద పడే పేరు వేరు. కమిట్ పేరు గిట్ సెట్టింగుల్లోని యూజర్ నేమ్, యూజర్ ఈమెయిల్ నుంచి వస్తుంది. లాబ్ కంప్యూటరులో అవి ఎవరివో ఉంటే, మీరు రాత్రంతా కూర్చుని రాసిన ప్రోగ్రాము వాళ్ల పేరు మీద చరిత్రలో నిలిచిపోతుంది. ఉద్యోగానికి వెళ్లినప్పుడు మీ గిట్‌హబ్ పేజీ చూసేవాళ్లకు అక్కడ ఏమీ కనిపించదు. మొదటి కమిట్‌కు ముందే చూసుకోండి.

కాలేజీ అకౌంటు మనది కాదు

అకౌంట్లు మార్చుకోలేక విసిగిపోయి చాలామంది అన్నీ కాలేజీ అకౌంటులోనే పెట్టేస్తారు. మార్కుల మెమోలు, ఆదాయ ధ్రువీకరణ పత్రం, రెజ్యూమె, చివరికి అమ్మానాన్నల ఫోటోలు కూడా. ఆ అకౌంటు కాలేజీది. చదువు అయ్యాక ఉంచుతారో తీసేస్తారో వాళ్ల ఇష్టం. గూగుల్ విద్యాసంస్థలకు ఇచ్చిన హద్దులేని స్టోరేజిని ఆపేస్తామని 2021లో ప్రకటించింది. 2022 నుంచి మామూలుగా సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లు లెక్క వచ్చింది. వేలమంది పంచుకోవాలి కాబట్టి వెళ్లిపోయినవాళ్ల అకౌంట్లు మూయడం కాలేజీలకు అవసరమైపోయింది. ఫైనలియర్లో ఉన్న చెల్లెళ్లు పరీక్షలు కాగానే ఊరికి బస్సెక్కకుండా ముందు ఈ పని చూసుకోండి. గూగుల్ విద్యా అకౌంట్లలో "మీ కంటెంట్‌ను బదిలీ చేయండి" అనే పేజీ ఉంది. కాలేజీ అనుమతించి ఉంటే మెయిళ్లు, డ్రైవ్ ఫైళ్లు మీ సొంత జీమెయిల్‌కు కాపీ అవుతాయి. ముందుగా సొంత అకౌంటులో ఖాళీ ఉందో లేదో చూసుకోండి. స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో, ఉద్యోగ దరఖాస్తుల్లో ఎప్పుడూ సొంత మెయిలే ఇవ్వండి. పాస్‌వర్డ్ మరచిపోతే లింకు వచ్చేది ఆ మెయిల్‌కే కదా. అది మూసేస్తే ఆ దారి కూడా మూసుకున్నట్టే.

ఇక మన స్టడీ హాలు కంప్యూటర్ల సంగతి. ఒక్కొక్కరికీ విండోస్‌లో వేరే యూజర్ ఉంటే అన్నిటికంటే మంచిది. అప్పుడు మూడు చోట్లూ ఎవరివి వాళ్లకు వేరుగా ఉంటాయి. కానీ వందమందికి అది కుదిరే పని కాదు. కాబట్టి క్రోమ్‌లో గానీ ఎడ్జ్‌లో గానీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి గెస్ట్ కిటికీ తెరుచుకోండి, పని అందులోనే చేసుకోండి. మూయగానే కుకీలన్నీ పోతాయి. వర్డ్, ఎక్సెల్ కూడా ఆ కిటికీలోనే బ్రౌజరు రూపంలో తెరుచుకోవచ్చు, డెస్క్‌టాప్ వర్డ్‌లో లాగిన్ కానవసరం లేదు. "సైన్ ఇన్ అయ్యే ఉండమంటారా" అని మైక్రోసాఫ్ట్ అడిగితే నో కొట్టండి. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం గెస్ట్ కిటికీ మూసినా డౌన్‌లోడ్స్ ఫోల్డరులో అలాగే ఉంటాయి, అవి మీరే తీసేయాలి. రీసైకిల్ బిన్‌తో సహా.

మరచిపోయి ఊరికి వెళ్లిపోయారా? ఫోన్ నుంచే సరిచేయవచ్చు. గూగుల్ అకౌంటులో సెక్యూరిటీ కింద "మీ పరికరాలు" అనే జాబితా ఉంటుంది. అందులో హాస్టల్ కంప్యూటరును నొక్కి సైన్ అవుట్ చేయండి. మైక్రోసాఫ్ట్ అకౌంటులో "అన్నిచోట్లా సైన్ అవుట్" ఉంది. సొంత మైక్రోసాఫ్ట్ అకౌంటుకైతే అది పూర్తిగా అమలు కావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు. ఆ లోపు స్టడీ హాలులో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసి బ్రౌజరులో కుకీలు తుడిపించుకోండి. తుడిస్తే ఆ కంప్యూటరులో మిగతావాళ్లు తెరిచి ఉంచినవి కూడా మూసుకుపోతాయి, వాళ్లకు ముందే ఒక మాట చెప్పమనండి.